పిల్లలు సంఘంలో చేరితే



ఈ మధ్య మన సభ్యులలో ముగ్గురు నలుగురు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. కాలేజీలో చేరిన పిల్లలు ఇంటికి వచ్చి, ఎన్.ఎస్.ఎస్.లో పేరిచ్చామనో, ఎన్.సి.సి.లో చేరామనో, తరగతి ప్రతినిధిగా నిలబడుతున్నామనో చెబుతున్నారట. "చదువు పాడవుతుందేమో, వద్దందామా?" అన్నది వారి ప్రశ్న. ఒక్కొక్కరికి విడివిడిగా జవాబు చెప్పేకంటె ఈ పేజీలో అందరికీ కలిపి చెప్పడం మేలని తోచింది. నేను పెద్ద చదువులు చదివినవాడిని కాను. మెట్రిక్యులేషను ముగించి ఇరవై యేండ్లకు పైగా ఫైళ్ళూ రిజిస్టర్లూ చూచుకొంటున్న గుమాస్తాను. అయినా మనుష్యులు పనిలో ఎట్లా ఉంటారో బల్లకు ఇవతల కూర్చుని చూస్తున్నవాణ్ణి గనుక, నాకు తోచినది మనవి చేస్తాను.

ముందు మన భయం సంగతి చెప్పుకోవాలి. మింజూరు, పొన్నేరి, గుమ్మిడిపూండి ప్రాంతాలలో మన కుటుంబాలు తరతరాలుగా ఉన్నవే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. మూడు భాషల నడుమ నెగ్గుకొని వచ్చినవాళ్ళం. అందువల్ల మనకొక అలవాటు ఏర్పడింది. "ఊరి గొడవ మనకెందుకు? మన పని మనం చూచుకొందాం" అనడం. ఈ జాగ్రత్త మన పెద్దలను కాపాడింది, కాదనను. అయితే అదే జాగ్రత్త పిల్లలకు మరొక విధంగా అంటుకొన్నది. పరీక్షలలో మంచి మార్కులు తెచ్చుకొనే పిల్లవాడు కూడా పదిమంది కూర్చున్న చోట లేచి ఒక్క మాట అడగలేడు. మాట రాకపోవడం చేత కాదు. మన తమిళానికి నవ్వుతారేమో, మన పేరు ఎవరైనా గుర్తు పెట్టుకొంటారేమో అన్న బెదురు చేత.

సంఘాలు ఈ బెదురును ఎట్లా పోగొడతాయో తెలిసికోవాలంటే అవి ఎట్లా నడుస్తాయో కాస్త చూడాలి.

అన్నిటికంటె పాతది స్కౌటు ఉద్యమం. ఇంగ్లండులో బేడెన్ పవెల్ దొర 1907లో ఒక ద్వీపంలో కొద్దిమంది పిల్లలతో శిబిరం పెట్టి దీనికి నాంది పలికాడు. ఆయన చేసిన కొత్త పని ఏమంటే, పిల్లలను ఆరుగురు, ఎనిమిదిమంది చొప్పున చిన్న జట్లుగా విడదీసి, ఒక్కొక్క జట్టుకు వారిలోనే ఒక కుర్రవాణ్ణి నాయకుడుగా పెట్టడం. గుడారం వేయడం, వంట, సామాను లెక్క అన్నీ ఆ కుర్రవాడే చూడాలి. పెద్దవాడు దూరంగా నిలబడి గమనిస్తాడు. ఆ రోజులలో మన దేశపు పిల్లలకు ఆ ఉద్యమంలో చోటు లేకపోతే, మన చెన్నపట్నంలోనే అనిబిసెంటమ్మగారు 1916లో భారతీయ బాలుర కోసం వేరే స్కౌటు సంఘం పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత, 1950 నవంబరు 7న, విడివిడిగా ఉన్న సంఘాలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయినవి.

ఎన్.సి.సి. 1948లో చేసిన చట్టం ద్వారా వచ్చింది. 1962 చైనా యుద్ధం తరువాత కాలేజీ పిల్లలకు దానిని తప్పనిసరి చేశారు. 1968లో మళ్ళీ ఇష్టమున్నవారికే అన్నారు. ఇప్పుడు దానిలో 'సి' సర్టిఫికెట్టు గలవారికి, వ్రాతపరీక్ష లేకుండానే సైన్యంలో అధికారుల ఎంపికకు పోయే దారి కూడా ఒకటి ఉన్నది. ఇక ఎన్.ఎస్.ఎస్., అంటే జాతీయ సేవా పథకం, గాంధీగారి శతజయంతి సంవత్సరమైన 1969లో సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాలలో మొదలైనది. దానిలో చేరిన విద్యార్థి రెండేండ్లలో 240 గంటలు సేవ చేయాలి. ఏడు దినాలు ఒక పల్లెలో శిబిరం ఉండాలి. "నేను కాదు, నీవు" అన్నది వారి నినాదం.

వీటన్నిటిలో నాకు కనబడే సుగుణం ఒక్కటే. పిల్లల చేతికి ఒక చిన్న పని ఇచ్చి, దానికి వారినే జవాబుదారీ చేయడం. నాయకత్వమంటే మెడలో దండ, మైకు ముందు ఉపన్యాసం అని మనం అనుకొంటాం. నా మట్టుకు అది ఒక తాళంచెవితోనో, ఒక హాజరు పట్టీతోనో, ఒక రసీదు పుస్తకంతోనో మొదలవుతుందని తోస్తుంది.

దీనికి మన తెలుగుబిడ్డ జీవితమే గొప్ప ఉదాహరణ. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగింది. దానితోపాటు ఖద్దరు ప్రదర్శనం పెట్టారు. టిక్కెట్టు లేనిదే ఎవరినీ లోపలికి విడువరాదని చెప్పి, ప్రదర్శనశాల ద్వారం దగ్గర ఒక బాలికను స్వచ్ఛంద సేవికగా నిలబెట్టారు. ఆ పిల్లకు పదునాలుగేండ్లు. జవహర్‌లాల్ నెహ్రూగారు వచ్చారు. చేతిలో టిక్కెట్టు లేదు. ఆ పిల్ల ఆయనను ఆపివేసింది. నిర్వాహకులు పరుగెత్తుకొని వచ్చి కోప్పడ్డారు. మీరు చెప్పిన పనే నేను చేశాను అన్నది ఆ పిల్ల. చివరకు టిక్కెట్టు కొన్న తరువాతనే ఆయనను లోపలికి పోనిచ్చింది. నెహ్రూగారు ఆ కర్తవ్యనిష్ఠను మెచ్చుకొన్నారు. ఆ బాలికయే తరువాతి కాలపు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు.

ఈ కథ చాలమందికి తెలుసు. ఆ తరువాతి సంగతి మనం అంతగా తలచుకోము. ఆమె అంతకు ముందే ఆడవారికి హిందీ నేర్పే పాఠశాల నడిపింది. ఉప్పు సత్యాగ్రహంలో చెరసాలకు వెళ్ళింది. బయటకు వచ్చి, ఆగిపోయిన చదువును బనారసు మెట్రిక్యులేషను పరీక్షతో మళ్ళీ పట్టుకొన్నది. 1937లో చెన్నపట్నంలో 'లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్' అనే చిన్నపిల్లల సంఘంగా మొదలైనదే ఆంధ్ర మహిళా సభ. చదువు ఆగిపోయిన ఆడవారిని మెట్రిక్యులేషను పరీక్షకు తయారు చేయడం ఆ సభ తొలినాటి పనులలో ఒకటి. ఆమె న్యాయశాస్త్రం చదివి వకీలు అయినారు. మద్రాసు రాష్ట్రం తరఫున రాజ్యాంగ సభలో కూర్చున్నారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొట్టమొదటి అధ్యక్షురాలు అయినారు. ద్వారం దగ్గర నిలబడి పెద్దమనిషిని సైతం "టిక్కెట్టు ఏది?" అని అడిగిన బాలికకు, పెద్దయిన తరువాత రాజ్యాంగ సభలో లేచి మాట్లాడడం కష్టమనిపించలేదంటే ఆశ్చర్యమేమున్నది?

అందరూ దుర్గాబాయిగారు అవుతారా అని అడుగుతారు. కారు. మన రైలుదారిలోనే ఉన్న నెల్లూరులో, వి.ఆర్. కాలేజీ విద్యార్థి సంఘానికి అధ్యక్షుడుగా పని చేసిన వెంకయ్యనాయుడుగారు 2017లో ఉపరాష్ట్రపతి అయినారు. అట్లాంటివారు నూటికి కాదు, లక్షకొకరు. మిగిలినవారంతా మీవలె, నావలె ఉద్యోగమో వ్యాపారమో చేసికొనేవారే. సంఘంలో నేర్చిన పాఠం అసలు వారికే ఎక్కువ అవసరమని నా అభిప్రాయం. మన మింజూరు పట్టణ పంచాయతీలో మంచినీటి కుళాయి సంగతి అడగాలన్నా, అపార్టుమెంటు సంఘంలో జమాఖర్చు చూపించమనాలన్నా ఎవరో ఒకరు లేవాలి గదా! 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడులలో యాజమాన్య సంఘాలు ఉన్నవి. వాటిలో ముప్పాతిక మంది తలిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగంమంది స్త్రీలు కావాలి. చట్టం కుర్చీ వేసింది. ఆ కుర్చీలో కూర్చుని మాట్లాడడం ఎవరు నేర్పుతారు? ఇరవై యేండ్ల వయస్సులో నేర్వనిది నలభై యేండ్లకు రావడం కష్టం.

మా వీధిలోని ఒక ఇంటి సంగతి చెబుతాను. పేర్లు అనవసరం. తండ్రి ఎన్నూరు వైపు ఒక కంపెనీలో పని చేస్తాడు. పెద్దమ్మాయి డిగ్రీ రెండవ సంవత్సరం. ఎన్.ఎస్.ఎస్. శిబిరానికి పోతానని అడిగింది. ఆయన నా దగ్గరికి వచ్చి, "ఏందన్నా ఇది! చదువుకొమ్మని పంపిస్తే పల్లెలో చీపురు పట్టుకొమ్మంటుండారు. ఏడు రాత్రులు ఆడపిల్లను ఎట్లా పంపేది?" అన్నాడు.

ఆయన అడిగినదానిలో తప్పు లేదు. "ఎవరు ఎక్కడ పడుకొంటారు, తోడుగా వచ్చే లేడీ టీచర్లు ఎవరు, రాత్రి ఫోను చేస్తే ఎవరు తీస్తారు, ఈ మూడూ అడిగిరా తమ్ముడూ. జవాబు సరిగ్గా చెబితే పంపు, నసిగితే మానెయ్" అన్నాను. ఆయన కాలేజీకి పోయి అడిగాడు. జవాబులు సరిగ్గానే వచ్చినవి. పిల్ల వెళ్ళింది.

అక్కడ ఆమెకు చీపురు కాదు, సరుకుల గది అప్పగించారు. ఏబదిమందికి ఏడు దినాల బియ్యం, పప్పు, నూనె. మూడవ దినానికే రెండు కిలోల పప్పు తగ్గింది. "వడ్డించేశామని వ్రాసెయ్యి, ఎవరు చూడబోయినారు?" అన్నారట తోటివారు. ఆ పిల్ల "తక్కువ రెండు కిలోలు" అని పుస్తకంలో వ్రాసి, టీచరుకు చెప్పి, నాలుగు మాటలు తిన్నది. మరునాటినుండి గిద్దతో కొలిచి ఇవ్వడం, తీసికొన్నవారి చేత సంతకం పెట్టించడం మొదలుపెట్టింది.

వచ్చిన తరువాత నాతో అన్న మాట ఇది: "పెద్దనాయనా, నేను కొలిచి ఇచ్చేది మొదలుపెట్టినాక రెండు దినాలు ఎవురూ నాతో మాట్లాడలేదు. ఒకటే ఏడుపు వచ్చింది. కడాఖరు దినం బియ్యం లెక్క సరిపోయినాక వాళ్ళే పిలిచి పక్కన కూర్చోబెట్టుకొన్నారు."

నా చాకిరీలో సరుకు తగ్గితే "తగ్గింది" అని వ్రాయలేక, నెలల తరబడి కాగితాలు అటూ ఇటూ తిప్పిన పెద్దపెద్దవారిని చూచాను. ఆ రెండు దినాల మౌనాన్ని ఓర్చుకొనే శక్తి వారికి చిన్నప్పుడు ఎవరూ నేర్పలేదు. ఈ పిల్లకు పంతొమ్మిదో యేట, రెండు కిలోల పప్పు ఖర్చుతో అది అబ్బింది. మార్కుల పట్టీలో ఇది కనబడదు. ఈ పిల్ల రేపు ఏ ఆఫీసులో చేరినా ఆ ఆఫీసు లెక్కలలో కనబడుతుంది.

ఇక రెండవ వైపు కూడ చెప్పకపోతే న్యాయం కాదు. విద్యార్థి సంఘమంటే సేవాశిబిరం ఒక్కటే కాదు, ఉద్యమాలూ ఉన్నవి. 1907లో రాజమండ్రిలో బిపిన్ చంద్రపాల్ గారి ఉపన్యాసాల తరువాత, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు ట్రెయినింగు కాలేజీనుండి వెళ్ళగొట్టబడ్డారు. సర్కారు ఉద్యోగపు తలుపు ఆయనకు మూసికొన్నది. తరువాత పత్రికలో వ్రాసిన వ్రాతకు జైలుకు వెళ్ళారు. ఆ మనిషే తరువాత గ్రంథాలయోద్యమానికి, వయోజన విద్యకు జీవితం ధారపోశారు. 1938లో హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వందేమాతరం పాడినందుకు వందలకొద్ది విద్యార్థులను బహిష్కరిస్తే, నాగపూరు విశ్వవిద్యాలయం వారిని చేర్చుకొన్నది. అట్లా నాగపూరు పోయి చదివినవారిలో పి.వి. నరసింహారావుగారు ఒకరు. 1991లో వారు మన ప్రధానమంత్రి అయినారు.

మన తమిళనాడులో 1965 నాటి హిందీ వ్యతిరేక ఉద్యమం విద్యార్థులు నడిపినదే. మన ఇళ్ళలో పెద్దవారికి ఆ రోజులు జ్ఞాపకం ఉండవచ్చు. రెండేండ్ల తరువాత, 1967 ఎన్నికలలో, ఆ ఉద్యమంలోనుండి వచ్చిన విద్యార్థి నాయకుడు పి. శ్రీనివాసన్ చేతిలో విరుదునగరులో కామరాజుగారంతటివారు ఓడిపోయారు. విద్యార్థుల బలం అంతటిది. అయితే ఆ 1965లోనే కాల్పులలోను, ఆత్మాహుతులలోను ఎందరో ప్రాణాలు కోల్పోయారు. గెలిచినవారి పేర్లు చరిత్రలో నిలిచినవి. కొడుకును పోగొట్టుకొన్న తల్లి పేరు ఏ పుస్తకంలోను ఉండదు.

కాబట్టి తలిదండ్రుల భయం వట్టి పిరికితనమని నేననను. కాలేజీ ఎన్నికలలో డబ్బు, దౌర్జన్యం పెరిగినవని సుప్రీంకోర్టుకు ఫిర్యాదులు పోగా, లింగ్డోగారి కమిటీని వేశారు. ఆ కమిటీ సిఫారసులను 2006లో కోర్టు అమలు చేయమన్నది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు మించరాదు. హాజరు 75 శాతం ఉండాలి. అచ్చువేసిన పోస్టర్లు కూడదు. పార్టీల సొమ్ము తీసికోరాదు. ఈ నిబంధనలు అన్నిచోట్లా నూటికి నూరుపాళ్ళు నడుస్తున్నవని నేను చెప్పలేను గాని, పిల్లవాడు ఎన్నికకు నిలబడతానంటే తండ్రి కూడ వీటిని చదివి ఉండడం మంచిది.

సంఘం మంచిదో కాదో పోల్చుకోవడానికి నాకు తెలిసిన గుర్తులు కొన్ని చెబుతాను. మా ఆఫీసు బుద్ధి గనుక ప్రశ్నల రూపంలోనే వస్తుంది.

ఒకటి: ఆ సంఘంలో డబ్బు లెక్క వ్రాసి అందరికీ చూపుతారా?

రెండు: నాయకుణ్ణి మార్చడానికి ఒక తేదీ ఉన్నదా, లేక ఒకరే ఏళ్ళ తరబడి కూర్చున్నారా?

మూడు: "నేను ఒప్పుకోను" అన్నవాడిని అక్కడ ఉండనిస్తారా?

నాలుగు: ఆడపిల్లలకు పూలగుత్తి అందించడం తప్ప వేరే పని ఇస్తారా?

అయిదు: పిల్లవాడు ఇంటికి వచ్చి అక్కడ జరిగినది దాచకుండా చెబుతున్నాడా?

ఈ అయిదింటికీ "ఔను" అని జవాబు వస్తే, ఆ సంఘం జెండా ఏ రంగుదైనా మీ బిడ్డకు మేలే చేస్తుంది. మొదటిదానికీ చివరిదానికీ "లేదు" అని వస్తే, దానికి ఎంత పేరున్నా దూరంగా ఉంచండి. చదువు సంగతి అంటారా, వారానికి రెండు మూడు గంటలు సంఘానికి పోతే చదువు చెడదు. చేతిలోని ఫోనుకు అంతకు ఎన్నో రెట్లు పోతున్నవి, దానికి మనం ఎవరి అనుమతీ అడగడం లేదు!

ఇదే ప్రశ్నలు మన సంఘానికి కూడ వేసికొందామా? ఉగాది పండుగకు మన పిల్లలను పిలుస్తాం. కుర్చీలు వేయమంటాం, పచ్చడి పంచమంటాం, ప్రార్థనాగీతం పాడమంటాం. ఆ తరువాత కార్యవర్గ సమావేశానికి మనం ముసలివాళ్ళమే కూర్చుంటాం. పిల్లలు సంఘానికి రావడం లేదని అదే సమావేశంలో విచారిస్తాం! కుర్చీలు మోయడానికి మాత్రమే పిలిస్తే ఎన్నాళ్ళు వస్తారు?

నా మనవి ఇది. వచ్చే ఉగాదికి ఒక కార్యక్రమాన్ని, అది చిన్నపిల్లల పోటీలు కానీయండి, వనభోజనం కానీయండి, పదహారేండ్లు నిండిన పిల్లలకు పూర్తిగా అప్పగిద్దాము. దానికి కొంత సొమ్ము కేటాయించి, రసీదు పుస్తకం, చిట్టా వారి చేతికే ఇద్దాము. ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది వారే లేచి సర్వసభ్య సమావేశంలో చదవాలి. మనం అడిగిన ప్రశ్నలకు వారే జవాబు చెప్పాలి. లెక్కలో ఏబదో వందో తేడా వస్తే తిట్టవద్దు, దిద్దించండి. తేడా రాలేదని అబద్ధం వ్రాస్తే మాత్రం గట్టిగా చెప్పండి.

ఇంకొక చిన్న నియమం. వారి సమావేశపు మినిట్స్ తెలుగులో వ్రాయాలి. మన పిల్లలలో చాలమంది తెలుగు చక్కగా మాట్లాడతారు గాని వ్రాయలేరు. బడిలో నేర్చుకొనే వీలు లేకపోయింది. "చదువు, నేర్చుకో" అని ఎంత చెప్పినా చెవిని పెట్టనివారు, తమ పద్దు తామే వ్రాసుకోవలసి వచ్చినప్పుడు అక్షరాలు దిద్దుతారు. మొదట పది వాక్యాలలో ఇరవై తప్పులు దొర్లవచ్చు. దొర్లనీయండి. తీర్మానం ప్రతిపాదించినది ఎవరు, బలపరచినది ఎవరు, ఎందరు కాదన్నారు అన్నంత మట్టుకు తెలిస్తే చాలు. ఇంట్లోని పెద్దవారి ప్రక్కన కూర్చుని "అవ్వా, ఈ మాటకు ఏ అక్షరం?" అని అడిగే సందర్భం రావడమే మనకు లాభం.

ఇందుకు సమ్మతించే తలిదండ్రులు తమ పిల్లల పేర్లు కార్యదర్శిగారికి అందజేయండి. పిల్లలను అడిగి మరీ ఇవ్వండి సుమా, మీరే నిర్ణయించి పంపవద్దు. సమ్మతించనివారు కూడ ఎందుకు కాదో నాలుగు వాక్యాలు వ్రాసి పంపితే, వచ్చే నెల ఈ పేజీలోనే వారి మాటకు చోటిస్తాను. కాదన్నవారికి చోటుండాలని పైన నేనే వ్రాశాను గదా!